గంట బొమ్మ ఆట: కాంకర్డ్ నుంచి వెనక్కు వచ్చే దారి

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి పక్కకు తిరిగే ఒక సందులో, బడి పుస్తకాలూ దేశపటాలూ అమ్మే అంగట్లో, పోయిన నెల నేనొక ఆట కొన్నాను. 1775 ఏప్రిల్ 19న, అప్పటికింకా బ్రిటిష్ వలసగా ఉన్న మసాచుసెట్స్‌లో, లెక్సింగ్టన్, కాంకర్డ్ అనే ఊళ్ల దగ్గర బ్రిటిష్ పటాలానికీ ఊరి జనానికీ జరిగిన తొలి కొట్లాటలు ఈ ఆటకు వస్తువు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది ఆ రోజునే. ధర 1,850 రూపాయలు. తయారు చేసింది పదవీ విరమణ చేసిన ఒక సోషల్ మాస్టారని అంగడి యజమాని చెప్పాడు. ఆయన పెట్టె మీద తన పేరు వేసుకోలేదు కనుక నేనూ అడగలేదు. ఆటకూ పేరు లేదు. మూత మీద ఒక గంట బొమ్మ మాత్రం ఉంది, గంట బొమ్మ ఆట అని అడిగితే తీసి ఇస్తారు.

వరుసగా నాలుగు ఆదివారాలు ఆడి చూసిన తరువాత ఇది రాస్తున్నాను. ఇద్దరైనా ఆడవచ్చునని పెట్టె మీద ఉంది గానీ నలుగురు లేకపోతే ఇందులో రసం లేదు. మూడు గంటల తీరిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. మనుషులూ తీరికా రెండూ ఉన్నవాళ్లకు మాత్రం, చరిత్రను ఇంత ఆలోచించి ఆటలోకి దించిన వస్తువు ఈ ధరలో మరొకటి నాకు తారసపడలేదని చెప్పగలను. లోపాలున్నాయి. వాటి దగ్గరికి వస్తాను.

పెట్టె తెరవగానే ముందు చేతికి తగిలేది గుడ్డ. అట్ట పలకకు బదులుగా, చీరాల మగ్గాల మీద నేసిన ముతక నూలు గుడ్డ మీద పటాన్ని అచ్చులతో అద్దించారు. పరిస్తే ఒక బార పొడవు, ఒక మూర వెడల్పు ఉంటుంది. కుడి చివర సముద్రం, బోస్టన్, చార్లెస్ నది. ఎడమ చివర కాంకర్డ్. మధ్యలో ఒకే ఒక్క దారి, దాని కిరువైపులా రాతి గోడలు, పొలాలు, చెట్ల గుంపులు. పావులు ఉదయగిరిలో గరిటెలూ చెంచాలూ చెక్కే పనివాళ్ల చేత చేయించినవి. ఎర్ర రంగు పూసినవి పటాలం, ఒక్కో పావు 100 మంది సిపాయిలకు లెక్క. రంగు పూయకుండా చెక్కను చెక్కగానే వదిలేసినవి ఊరి జనం. మా అమ్మాయి మొదటి రోజు ఆ చెక్క పావులను పిడికిలి నిండా పట్టుకుని వాసన చూసి, అమ్మమ్మ వాళ్ల వంటింటి వాసన వస్తోందని అంది. నిజమే, కొత్త గరిటె వాసన. పాచికల స్థానంలో నాలుగు గవ్వలు ఇచ్చారు, అష్టాచెమ్మా ఆడినవాళ్లకు వాటిని గురించి చెప్పనక్కరలేదు. తూటాల లెక్కకు ఒక సంచి నిండా చింతపిక్కలు ఉన్నాయి. గుడ్డతో ఉన్న తంటా ఒక్కటే: మడత విప్పిన ప్రతిసారీ నడిమధ్య ముడత లేచి పావులు ఒరిగిపోతాయి. మేము నాలుగు మూలలా నాలుగు తూకపురాళ్లు పెట్టుకుని ఆడుతున్నాం. నేను దాన్ని ఇస్త్రీ చేయబోయి, పటంలో కేంబ్రిడ్జి అనే ఊరి దగ్గరి ఆకుపచ్చ రంగు కొంత ఇస్త్రీపెట్టెకు అంటించుకున్నాను. ఆ పని మీరు చేయకండి.

ఆట పునాది మనకు తెలిసిన పులిజూదమే. పులులు కొన్ని, మేకలు బోలెడు. పులులకు బలముంది, మేకలకు మంద ఉంది. పులిజూదంలో మేక చంపలేదు, దారి మూయగలదు, అంతే. ఇక్కడి మేకలు కరుస్తాయి కూడా, అయితే గోడ చాటు నుంచి మాత్రమే. మైదానంలో ఎదురుపడితే పులిదే గెలుపు. ఈ ఒక్క నియమంతో మాస్టారు ఆనాటి యుద్ధ పద్ధతిని మొత్తం పట్టేశారు. అప్పటి మస్కెట్ తుపాకి 100 గజాలు దాటితే గురికి పనికిరాదు, అందుకే సిపాయిలు వరుసలుగా నిలబడి ఒక్కసారిగా పేల్చి, ఆ వెంటనే బాయొనెట్లతో, అంటే తుపాకి మొనకు బిగించిన కత్తులతో, మీద పడేవారు. అలాంటి వరుసకు ఎదురుగా నిలబడడం రైతులకు ఆత్మహత్యతో సమానం. నాలుగు గవ్వలూ వెల్లకిలా గానీ, నాలుగూ బోర్లా గానీ పడితేనే తూటా తగిలినట్టు లెక్క. నిజమైన మస్కెట్‌కు అదీ ఎక్కువ మర్యాదే.

ఆడబోయే ముందు కథ కొంత తెలిసి ఉండాలి. పెట్టెలోని చిన్న పుస్తకం ఆ పని క్లుప్తంగా, చక్కగానే చేసింది. 1765లో స్టాంపు చట్టంతో మొదలైన పన్నుల తగాదా ముదిరి, 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ ఆకు సముద్రంలో పడింది. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. 1801లో కర్ణాటక నవాబు దేశంతో పాటు మన నెల్లూరును కూడా చేతిలో వేసుకున్నది ఆ కంపెనీయే. టీ పారబోసినందుకు శిక్షగా 1774లో లండన్ పార్లమెంటు బోస్టన్ రేవును మూసేసింది, ఆ వలస స్వపరిపాలనను చాలావరకు కత్తిరించింది, జనరల్ థామస్ గేజ్‌ను గవర్నరుగా పంపింది. ఊళ్లవాళ్లు తుపాకి మందు, ఫిరంగులు, పిండి, ఎండు చేపలు పోగు చేసి కాంకర్డ్‌లో దాచుకోసాగారు. ఆ సరుకును తగలబెట్టి రమ్మని 1775 ఏప్రిల్ 18 రాత్రి గేజ్ సుమారు 700 మంది సిపాయిలను లెఫ్టినెంట్ కర్నల్ ఫ్రాన్సిస్ స్మిత్ వెంట రహస్యంగా పంపించాడు. ఆట అక్కడ మొదలవుతుంది: గుడ్డ మీద కుడి చివర ఏడు ఎర్ర పావులు, కొయ్యతో చేసిన కాలచక్రం మీద రాత్రి 10 గంటలు. ఒక్కో గంటు అరగంట, మొత్తం 44 గంట్లు, మర్నాడు రాత్రి 8 గంటలకు ఆట ముగింపు.

మొదటి భాగంలో తుపాకి పేలదు, అంతా కబుర్ల పరుగే. పాల్ రివియర్, విలియం డాస్, శామ్యూల్ ప్రెస్కాట్ అనే ముగ్గురు రౌతులకు మూడు పావులు. వాళ్లు ఏ ఊరు చేరితే ఆ ఊళ్లో గంట మోగుతుంది, అక్కడి నుంచి పక్క ఊరికి కబురు దానంతటదే పాకుతుంది. పెట్టె మీద బొమ్మ గంటది ఎందుకయిందో ఇక్కడ తెలుస్తుంది. పటాలం నడిచే వేగం కంటే కబురు వేగం ఎప్పుడూ ఎక్కువే. రౌతుల పక్షాన ఆడిన మా ఆవిడ రెండు ఆటలు ఆడేసరికి ఈ కిటుకు పట్టేసింది. వాళ్ల ఊళ్లో చావు కబురు ఇలాగే పోయేదట: ఒకడు బయలుదేరితే దారిలో నలుగురు అందుకునేవారు, మొదటివాడు చేరకముందే పై ఊరికి తెలిసిపోయేది. బ్రిటిష్ ఆటగాడు ఒకరిద్దరు రౌతులను పట్టుకోవచ్చు. రివియర్‌ను నిజంగానే లింకన్ అనే ఊరి దగ్గర గస్తీవాళ్లు పట్టుకున్నారు. డాస్ తప్పించుకున్నాడు గానీ ముందుకు పోలేదు, కాంకర్డ్ దాకా కబురు మోసింది ప్రెస్కాట్ ఒక్కడే. అయినా గంటలు ఆగలేదు, ఎందుకంటే అప్పటికే కబురు రౌతుల చేతుల్లోంచి జారి ఊళ్లదైపోయింది. మరోపక్క పటాలం పడవల్లో చార్లెస్ నది దాటి, మోకాలి లోతు బురదలో నిలబడి, తమకు అవసరమే లేని రేషన్ సంచుల కోసం రాత్రి 2 గంటల దాకా పడిగాపులు పడింది. ఆటలో ఇది తప్పనిసరి నియమం, కాలచక్రం మీద ఎర్ర ఆటగాడు నాలుగు గంట్లు ఊరికే పోగొట్టుకోవాలి. మా బావమరిది ప్రతిసారీ ఇక్కడ విసుక్కుంటాడు.

తెల్లవారుజామున 5 గంటల వేళకు లెక్సింగ్టన్. ఇక్కడ ఊరి పక్షాన ఉండేది ఒకే ఒక్క చిన్న పావు, దాని తల మీద 77 అని చెక్కి ఉంది. కెప్టెన్ జాన్ పార్కర్ వెంట ఊరి మధ్య పచ్చిక బయలులో నిలబడినవాళ్ల సంఖ్య అది. పార్కర్ అప్పటికే క్షయరోగి, ఆ సెప్టెంబరులోనే చనిపోయాడు. ఆ గుంపులో నిలబడి గాయపడినవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే నల్లజాతి బానిస ఉన్నాడని చిన్న పుస్తకం మరచిపోకుండా చెప్పింది, అందుకు మాస్టారికి నమస్కారం. ఇక అసలు ప్రశ్న: మొదటి తుపాకి ఎవరిది? 250 ఏళ్లయినా తేలలేదు. ఇద్దరూ ఎదుటివాడే పేల్చాడని ప్రమాణం చేసి చెప్పారు. ఆటలో దీనికి పెట్టిన నియమం నాకు ఈ పెట్టె మొత్తంలో అన్నిటికంటే నచ్చింది. ఒక గవ్వను గిన్నె కింద విసిరి, గిన్నెను ఎత్తకుండానే ఇరుపక్షాలూ పేల్చాలి. ఆట అయిపోయినా ఆ గిన్నె ఎత్తకూడదు, గవ్వను చూడకుండా అలాగే బోర్లించి సంచిలో వేయాలి. మూడో ఆదివారం మా బావమరిది అందరూ టీకి లేచినప్పుడు గిన్నె ఎత్తి చూశాడు. చూసినదేమిటో ఎవ్వరికీ చెప్పడం లేదు, మేమూ అడగడం లేదు.

లెక్సింగ్టన్‌లో ఊరివాళ్లు 8 మంది చనిపోయారు, 10 మంది గాయపడ్డారు. బ్రిటిష్ వైపు ఒక్క సిపాయికి గాయం. ఎర్ర ఆటగాడు గవ్వలు ఒక్కసారి వేయగానే ఇదంతా అయిపోతుంది. కందుకూరు నుంచి ప్రత్యేకం ఈ ఆట కోసం వచ్చిన మా బావమరిది మొదటిసారి ఆ పావును పక్కకు తీసి పెట్టి, “ఏంది బావా, ఎనిమిది మందిని చంపితే గెలిచినట్టా, ఓడినట్టా?” అన్నాడు. నేను నియమాల పుస్తకంలో వెతుకుతుండగా మా అమ్మాయే జవాబిచ్చింది: “ఇప్పుడేమీ తెలవదు మావయ్యా. నువ్వు ముందు కాంకర్డ్ పో, తర్వాత తిరిగి రావాలి గదా.”

ఆ పిల్ల పద్ధతి చూస్తే నాకు ఆట మీద గౌరవం పెరిగింది. తొలి రెండు ఆటల్లోనూ నేను ఊరి పక్షాన ఉండి, దొరికిన పావునల్లా దారికి అడ్డంగా నిలబెట్టి, కాంకర్డ్ చేరకముందే పటాలాన్ని ఆపాలని చూసి చిత్తుగా ఓడిపోయాను. తను మూడో ఆటలో ఒక్క పావునూ దారి మీద పెట్టలేదు. అన్నిటినీ గోడల వెనక, దారి మలుపుల దగ్గర దాచి, ఎర్ర పావులను పోనిచ్చింది. పడమటికి పోయేటప్పుడు దారి పటాలానిది, తూర్పుకు తిరిగితే ఊళ్లది. ఆ రోజు చరిత్రంతా ఈ వాక్యంలోనే ఉందని నా నమ్మకం, ఆట కట్టిన మాస్టారికి కూడా అదే నమ్మకం ఉన్నట్టు నియమాలే చెబుతున్నాయి.

కాంకర్డ్‌లో సోదాల భాగం కాస్త నెమ్మదిగా నడుస్తుంది. సరుకులో చాలాభాగం ముందే తరలించేశారు కనుక చీట్లు తిప్పితే ఖాళీవే ఎక్కువ వస్తాయి. దొరికిన మూడు పెద్ద ఫిరంగులను పాడుచేయడం, పిండి పీపాలనూ సీసపు గుళ్లనూ చెరువులో దొర్లించడం ఉన్నాయి. పటాలం పోయాక ఊరివాళ్లు వాటిలో చాలావరకు మళ్లీ పైకి తీసుకున్నారు. ఇక్కడ మలుపు ఒక పొగ. సిపాయిలు ఫిరంగి బండ్ల కొయ్యలకు పెట్టిన మంట ఊరి చావడి కప్పుకు అంటుకుంది. మార్తా మోల్టన్ అనే 71 ఏళ్ల వితంతువు వెంటపడి బతిమాలితే ఆ సిపాయిలే నీళ్లు పోసి ఆర్పారు. కానీ ఉత్తరపు వంతెన అవతల గుట్ట మీద గుమికూడిన 400 మందికి కనిపించింది పొగ మాత్రమే, ఊరు తగలబెడుతున్నారనుకుని కిందికి దిగారు. ఉదయం 9:30 ప్రాంతంలో ఆ వంతెన దగ్గర పేలిన తుపాకులకు ఆక్టన్ ఊరి కెప్టెన్ ఐజక్ డేవిస్, అదే ఊరి అబ్నర్ హోస్మర్ పడిపోయారు. ఊరివాళ్లు తిరిగి పేల్చారు, ముగ్గురు బ్రిటిష్ సిపాయిలు పోయారు, పటాలం వరుస చెదిరి పారిపోయింది. రాజుగారి సిపాయిల మీద హుకుం ఇచ్చి కాల్పించడం ఆ రోజు అక్కడే మొదలు. ఆటలో ఎర్ర ఆటగాడు మంట పెట్టాలా వద్దా అని ఎంచుకోవచ్చు. పెట్టకపోతే వంతెన పోరు జరగదు, పెడితే సరుకు నాశనానికి లెక్క ఎక్కువ వస్తుంది. ఇంత చిక్కైన ఎంపికలో మార్తా మోల్టన్‌కు ఒక చీటీ కూడా లేకపోవడం మా ఆవిడకు కోపం తెప్పించింది. నాకూ సబబనిపించలేదు. మంట ఆర్పించిన మనిషి ఆటలో లేకపోతే ఆ మంట ఎలా ఆరినట్టు?

మధ్యాహ్నం 12 గంటలకు తిరుగుదారి. ఇక్కడి నుంచి గంటసేపు గుడ్డ మీద వంగిన తల ఎవరూ ఎత్తరు. మెరియమ్స్ కార్నర్ దగ్గర మొదలై మలుపు మలుపుకూ గోడల వెనక నుంచి, చెట్ల చాటు నుంచి చెక్క పావులు లేస్తాయి. కాలచక్రం తిరిగిన కొద్దీ దూరపు ఊళ్ల నుంచి కొత్తవి వచ్చి చేరతాయి, చివరికి 40 పావులు, అంటే 4,000 మంది. ఎర్ర ఆటగాడు పొలాల్లోకి పక్క దళాలను పంపి గోడల వెనక దాగినవాళ్లను వెనక నుంచి పట్టుకోవచ్చు. నిజంగానే ఊరివాళ్లు ఎక్కువమంది పోయింది అలాగే. కానీ అలా పంపిన ప్రతి పావూ నడకను మందగింపజేస్తుంది. చింతపిక్కల లెక్క ఇక్కడే పీక పిసుకుతుంది. ఒక్కో సిపాయికి ఇచ్చిన తూటాలు 36, దానికి లెక్కగా ఒక్కో పావుకు ఆరు పిక్కలు. లెక్సింగ్టన్ తిరిగి చేరేసరికి మా బావమరిది సంచిలో రెండే పిక్కలు మిగిలాయి. స్మిత్ సైన్యమూ ఆ చోటికి చేరేసరికి అదే స్థితిలో ఉంది, పార్కర్ మనుషులు ఉదయం చచ్చినవాళ్ల లెక్క తీర్చుకోవడానికి దారిలో కాచుకున్నారు.

మధ్యాహ్నం 2:30కు లెక్సింగ్టన్ దగ్గర లార్డ్ పెర్సీ 1,000 మందితో, రెండు ఫిరంగులతో ఎదురు వచ్చి వాళ్లను కాపాడాడు. ఆయన రాక ఎప్పుడన్నది ఆటలో ఒక మడత చీటీ మీద ఆధారపడి ఉంటుంది, ఇది మాస్టారి చమత్కారాల్లో రెండోది. సాయం పటాలం తెల్లవారుజామున 4 గంటలకే సిద్ధం కావాలన్నది గేజ్ ఆజ్ఞ. ఆ ఉత్తర్వు ఒక అధికారి బసలో విప్పకుండా పడి ఉంది. నౌకా సిపాయిల ఉత్తర్వేమో వాళ్ల అధికారి మేజర్ పిట్కైర్న్ పేర రాసి ఆయన బల్ల మీద పెట్టారు, ఆయన చూడబోతే ముందు రాత్రే స్మిత్‌తో కలిసి వెళ్లిపోయాడు. సర్కారు ఆఫీసుల్లో సెలవులో ఉన్న మనిషి బల్ల మీద ఫైలు పెట్టి చేతులు దులుపుకోవడం చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. పెర్సీ కదిలేసరికి 9 గంటలు కావచ్చింది. ఎర్ర ఆటగాడు ఈ చీటీని తనే కట్టలో కలిపి, తనే తెరవాలి. తొందరగా వస్తే బతికినట్టు, ఆలస్యమైతే తిట్టుకోవడానికి ఎదుటివాడు కూడా లేడు.

ఇక లోపాలు. మొదటిది మెనాటమీ. ఈనాడు ఆర్లింగ్టన్ అని పిలిచే ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగి పొడుచుకున్న పోరు జరిగింది. ఆ రోజు మొత్తంలో ఇరువైపులా ఎక్కువ ప్రాణాలు పోయింది అక్కడే. జేసన్ రస్సెల్ ఇంట్లో, వాకిట్లో ఆయనతో కలిపి పన్నెండుగురు చనిపోయారు. గుడ్డ మీద దానికి రెండే గళ్లు ఇచ్చారు, పైగా ఆ ముడత కూడా సరిగ్గా అక్కడే. శామ్యూల్ విట్‌మోర్ అనే 78 ఏళ్ల ముసలాయనకు మాత్రం ఒక చీటీ దొరికింది. ముఖం మీద తూటా తిని, బాయొనెట్ పోట్లు పడి కూడా ఆయన 1793 దాకా బతికాడు. పెర్సీకి పంపిన మందుగుండు బండ్లను సైన్యంలో చేరే వయసు దాటిన ముసలివాళ్లు కలిసి పట్టుకున్న ముచ్చటకూ చీటీ ఉంది. ముసలివాళ్ల మీద చూపిన శ్రద్ధలో సగం ఆ రస్సెల్ ఇంటి మీద చూపితే బాగుండేది.

రెండోది ఇంతకంటే పెద్దది. 17 ఎర్ర పావుల్లో 15 తిరిగి రాకపోతే బ్రిటిష్ ఆటగాడు ఓడినట్టే. నిజంగా 73 మంది చనిపోయారు, 174 మంది గాయపడ్డారు, 26 మంది కనబడకుండా పోయారు కనుక ఆ లెక్క న్యాయంగానే ఉంది. ఊరి పక్షానికి మాత్రం పావు పోతే ఏ నష్టమూ లేదు, పక్క ఊరి నుంచి ఇంకొకటి వస్తుంది. 49 మంది పోయారు ఆ వైపు. వాళ్లు జీతానికి వచ్చిన సిపాయిలు కారు. అన్నదమ్ములు, ఇరుగుపొరుగులు, లెక్సింగ్టన్‌లో అయితే కొందరు తమ ఇళ్లు కనుచూపు మేరలో ఉండగానే పడిపోయారు. మేక చస్తే మందలో ఇంకో మేక ఉందిలే అన్న పులిజూదం లెక్క ఇక్కడికి సరిపోలేదు. మేము మా ఇంట్లో ఒక సొంత నియమం పెట్టుకున్నాం: చనిపోయిన పావు ఏ ఊరిదో ఆ ఊరి గంట మీద ఒక చింతపిక్క పెడతాం, మూడు పిక్కలు పడితే ఆ ఊరు నుంచి ఇక మనుషులు రారు. దీంతో ఆట బిగిసింది. మా అమ్మాయి కూడా ఒకసారి ఓడింది.

మూడోది చిన్న పుస్తకంలోని మాటలు. పటాలం బయలుదేరింది వలస జనం నాయకులు శామ్యూల్ ఆడమ్స్‌ను, జాన్ హాంకాక్‌ను పట్టుకోవడానికని రాశారు. ఊళ్లవాళ్లు అలా భయపడిన మాట నిజమే, గేజ్ స్మిత్‌కు రాసి ఇచ్చిన ఆజ్ఞలో మాత్రం ఉన్నది కాంకర్డ్ సరుకు గురించే. రివియర్ “బ్రిటిష్ వాళ్లు వస్తున్నారు” అని అరిచాడనడం కూడా పొరపాటు. అరవడానికి రాత్రిపూట దారి పొడవునా గస్తీ ఉంది, పైగా ఆ రోజుకు ఆ ఊళ్లవాళ్లు తమను తాము బ్రిటిష్‌వాళ్లమనే అనుకునేవారు. పటాలం బయటికి వస్తోంది అన్నదే ఆనాటి మాట. పిలిచిన నిమిషంలో తుపాకి పట్టుకుని రావలసిన దళానికి “నిమిషపు మనుషులు” అని తెలుగు చేశారు. చదవగానే మా ఇంట్లో నవ్వులు. పిలిస్తే పలికే దళం అంటే పోయేది. వెనక అట్ట మీద చీరాల, పేరాల జనం 1921లో పన్నుకు ఎదురు తిరిగి, ఇళ్లు వదిలి, రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్న సంగతిని రెండే వాక్యాల్లో తెచ్చారు. గుడ్డ చీరాలది కాబట్టి తెచ్చారనుకుంటాను. పన్ను తగాదా రెండు చోట్లా ఉంది గానీ, తుపాకి ఎత్తినవాళ్లనూ ఎత్తకుండా ఊరే ఎత్తేసినవాళ్లనూ పక్కపక్కన పెట్టి అలా వదిలేస్తే ఎలా? ఆ సంగతికి వేరే ఆట కావాలి. 1757లో కంపెనీ కర్నల్ ఫోర్డ్ నెల్లూరు కోటను ముట్టడించి, లోపలికి చొరబడలేక వెనుదిరిగిన ఘట్టం మీద కూడా మాస్టారు ఎప్పుడైనా చేయి చేసుకుంటే మొదటి పెట్టె నేను కొంటాను.

చివరి లోపం నన్ను బాగా బాధించింది. పెర్సీ కేంబ్రిడ్జి వంతెన వైపు పోకుండా దారి మార్చి, సాయంత్రం 7 గంటలకు చార్లెస్‌టౌన్ చేరడంతో ఆట ముగుస్తుంది. ఆ రాత్రి నుంచే బోస్టన్ చుట్టూ ముట్టడి మొదలై 1776 మార్చి దాకా సాగిందని ఒక్క వాక్యం చెప్పి వదిలేశారు. కబురు పరుగుతో మొదలుపెట్టిన ఆట, కబురుతోనే ముగియవలసింది కదా! ఎందుకంటే ఆ వెంటనే ఊళ్లవాళ్లు సాక్షుల చేత ప్రమాణ వాంగ్మూలాలు రాయించి, సేలం రేవుకు చెందిన జాన్ డెర్బీ అనే నావికుడికిచ్చి లండన్ పంపించారు. గేజ్ నివేదికను మోసిన ఓడ నాలుగు రోజులు ముందు బయలుదేరినా, డెర్బీ ఓడ మే 28కే చేరి, దాన్ని దాదాపు రెండు వారాలు వెనక వేసింది. ఇంగ్లండు జనం మొదట విన్నది ఊళ్లవాళ్ల కథనే. గుడ్డ మీద కుడి చివర సముద్రం ఖాళీగా పడి ఉంది, రెండు ఓడ బొమ్మలు అద్దితే సరిపోయేది.

కొనేవాళ్లకు మరి కొన్ని సంగతులు. అంగడి ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, మధ్యాహ్నం భోజనానికి మూస్తారు. ఒంగోలు, కావలి వాళ్లకు బస్సు పార్సిల్లో పంపుతామన్నారు. పన్నెండేళ్లు దాటిన పిల్లలు సులువుగా ఆడగలరు. నియమాల అచ్చు మరీ సన్నం, చత్వారం వచ్చినవాళ్లు కళ్లజోడు దగ్గర పెట్టుకోవాలి. ఒక్కో పెట్టెలో పావులు లెక్క చూసుకుని తీసుకోండి, నేను చూసుకోలేదు. నా దాంట్లో పెర్సీ ఫిరంగులు రెండు ఉండవలసింది, ఒక్కటే వచ్చింది. తిరిగి వెళ్లి చెబితే యజమాని పెట్టె తెరిచి రెండుసార్లు లెక్కపెట్టి, ఉదయగిరి నుంచి ఈసారి సరుకు వచ్చినప్పుడు ఫోన్ చేస్తానన్నాడు. మూడు వారాలైంది. అంతదాకా మా ఇంట్లో పెర్సీ రెండో ఫిరంగి ఒక కుంకుడు గింజ. మా బావమరిది దాన్ని దారి మీద పెట్టినప్పుడల్లా అది దొర్లుకుంటూ పోయి ఆ ముడతలో, మెనాటమీ దగ్గర ఆగుతోంది.